రెండో సంతకం

ఆ బడిలో ఆమెను అందరూ టైంటేబుల్ టీచరు అంటారు. నిజానికి చాక్‌పీసు పట్టుకుని ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు. కంప్యూటరు గదికి ఇన్‌ఛార్జి, అంతే. వయసు నలభై ఏడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "టైంటేబుల్లో ఖాళీ దొరకలేదు" అంటుంది. అడిగినవాళ్ళు నవ్వేస్తారు. ఆమె నవ్వదు గనక రెండోసారి ఎవరూ అడగరు.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలి. పద్నాలుగేళ్ళ క్రితం వరకూ బడి టైంటేబుల్‌ని హెడ్మాస్టరు చార్టు మీద పెన్సిలుతో వేసేవాడు. ముప్పై ఇద్దరు టీచర్లు, ఇరవై నాలుగు క్లాసులు, ఒకే ఒక్క ఆటస్థలం. లెక్కల టీచరుకి పొద్దున్నే కావాలి, సైన్సు టీచరుకీ పొద్దున్నే కావాలి, భోజనం తర్వాతి పీరియడ్ మాత్రం పగవాడికి కూడా వద్దు. పది రోజులు రాసి, చెరిపి, చార్టుకి చిల్లులు పడ్డాక హెడ్మాస్టరు మంచం పట్టేవాడు. ఆయన అవస్థ చూడలేక ఒక సెలవుల్లో ఆమె కూర్చుని ఓ ప్రోగ్రాం రాసింది. బడిగంట అని పేరు పెట్టింది. వివరాలు ఇస్తే రెండు నిమిషాల్లో టైంటేబుల్ వేసిపెడుతుంది. దానికి ఎవరి మీదా పక్షపాతం లేదు గనక టీచర్లందరికీ దాని మీద సమానంగా కోపం.

దాన్ని తన దగ్గరే దాచుకోకుండా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఎవరైనా విప్పి లోపల ఎలా ఉందో చూడొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే. ఈ "ఎవరైనా" అన్న మాట వినడానికి చాలా బాగుంటుంది. ఆచరణలోకి వచ్చేసరికి ఎవరూ రారని దాని అర్థం. నాలుగు వందల బడులు బడిగంటని తీసుకున్నాయి. బాగుచెయ్యడానికి వచ్చినవాడు ఒకే ఒక్కడు.

ఆయన బడి మనిషి కూడా కాదు. ఎక్కడో దూరాన నూలు మిల్లులో షిఫ్టుల ఇన్‌ఛార్జి. కార్మికుల డ్యూటీలు కలబడకుండా వెయ్యడానికి బడిగంటని తెచ్చుకున్నాడు. క్లాసుల బదులు మగ్గాలు, పీరియడ్ల బదులు షిఫ్టులు. వాడుతూ వాడుతూ ఒక తప్పు పట్టుకుని, దిద్ది పంపించాడు. తర్వాత ఇంకోటి. ఆమె ఆయన్ని "మిల్లుగారూ" అని రాసేది. ఆయన "మేడంగారూ" అని రాసేవాడు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. ఫోనులో మాట్లాడుకున్నది రెండేరెండుసార్లు.

మొదటిసారి మాట్లాడింది పరువు గంగలో కలిసినప్పుడు. తొమ్మిదేళ్ళ క్రితం ఆమె పరీక్ష కోసమని సొంతంగా కొందరు టీచర్లని కల్పించి పెట్టుకుంది: బద్ధకం మాష్టారు, నిద్ర టీచరు, సెలవు మేడం. ఆ పేర్లతో ఉన్న వెర్షన్‌నే పొరపాటున బయటికి వదిలింది. డెబ్భై బడులు చూసుకోకుండా అచ్చు వేయించి గోడలకి అంటించుకున్నాయి. ఓ బడికి ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తే ఆరో పీరియడ్ నిద్ర టీచరు. ఆ బడి హెడ్మిస్ట్రెస్ రాసిన ఉత్తరం ఆమెకి ఇప్పటికీ కంఠతా వచ్చు. అప్పుడే మిల్లుగారు ఫోన్ చేసి, ఒక మనిషి కళ్ళని నమ్మకూడదు, మిల్లులో కూడా మెషీను స్విచ్చి వెయ్యాలంటే ఇద్దరు ఊ అనాలి, మనమూ అంతే, ఇద్దరం సంతకం పెడితేనే వెర్షన్ గడప దాటాలి అన్నాడు. ఆమె బుద్ధిగా ఒప్పుకుంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు అన్నీ చేత్తోనే చేసింది. ఏమేం మారాయో జాబితా రాయడం, నలభై బడుల పాత టైంటేబుళ్ళతో సరిచూడటం, మిల్లుగారికి ఉత్తరం రాయడం, ఆయన సంతకం వచ్చాక మూటకట్టి బయట పెట్టడం. ఒక్కో రిలీజుకి రెండు రోజులు పట్టేది. విసుగొచ్చి అయిదేళ్ళ క్రితం ఆ పనులన్నీ వరసగా తనంతట తనే చేసుకుపోయే స్క్రిప్టు ఒకటి రాసింది. దాన్ని బండి అంటుంది. బటన్ నొక్కితే బండి కదులుతుంది, జాబితా రాస్తుంది, పరీక్షిస్తుంది, మిల్లుగారికి మెయిల్ పంపి ఆగుతుంది, సంతకం రాగానే మళ్ళీ కదులుతుంది. సంతకం అంటే కాగితం మీది గీత కాదు. కంప్యూటర్లో ఆయన ఒక్కడి దగ్గరే ఉండే రహస్యపు కీతో వేసే ముద్ర. ఆ కీ నిజంగా ఆయనదేనని తేల్చుకోవడానికి రెండోసారి ఫోనులో మాట్లాడుకున్నారు. ఆ కీకి గుర్తుగా ఉండే నలభై అక్షరాలూ అంకెలూ ఆయన చదవడం, ఆమె టిక్కు పెట్టుకోవడం. మధ్యలో ఆయనకి దగ్గొస్తే మళ్ళీ మొదటినించీ చదివించింది.

బండి వచ్చాక ఆమె జీవితం సుఖంగా సాగింది. సుఖం అంటే, మనుషులతో పని లేకుండా.

ఆమె అక్కా బావలతో ఉంటుంది. వాళ్ళింట్లో వెనకవైపు గది, కిటికీ పక్కన బల్ల, కిటికీలోంచి పక్కింటి గోడ. అక్క మంచిదే. చెల్లెలు చేసేదేమిటో పద్నాలుగేళ్ళుగా అర్థం కాకపోయినా నలుగురిలో "మా చెల్లి సాఫ్ట్‌వేర్" అని ధీమాగా చెబుతుంది. బావ మాత్రం దెప్పకుండా ఉండలేడు. ఎవరి బడులు, ఎవరి టైంటేబుళ్ళు, కందకి లేని దురద కత్తిపీటకెందుకు మరదలా అంటాడు. ఆమెకి జవాబు తోచదు. తోచక కాదు, చెబితే చిన్నతనంగా ఉంటుందని చెప్పదు.

ఆ జవాబు ఇది. నెలకోసారి బండి నడిపినప్పుడు తెర మీద ఒక వరస వస్తుంది. "చూశాను మేడంగారూ. బాగుంది. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి." లేకపోతే "ఇక్కడ చలి మొదలైంది." ఆ ఒక్క వరస కోసం ఆమె నెలంతా పని చేస్తుంది. చేసిన పనిని పట్టి చూసి, బాగుంది అనే మనిషి లోకంలో ఒకడున్నాడు. ఎంతమందికి ఉన్నాడు అలాంటివాడు? ఆమెకి స్నేహితులు లేరు, ఉన్నారని ఆమె అనుకోవడానికి ఆధారం ఈ వరసే. ఒంటరిగా ఉన్నానని ఎప్పుడూ అనుకోలేదు.

ఈ ఏడు సోమవారం బడులు తెరుస్తారనగా ముందటి బుధవారం గొడవ మొదలైంది. శనివారం ఒంటిపూట నడిచే బడుల్లో బడిగంట ఒకే టీచర్ని ఒకే పీరియడ్‌లో రెండు క్లాసులకి వేస్తోంది. కొండమీది బడి హెడ్మిస్ట్రెస్ రాసింది, మా డ్రిల్లు మాష్టారు ఒకేసారి రెండుచోట్ల ఉండాలట, ఆయన ఒకచోట ఉండటమే మాకు గగనం అని. ఇంకో అరవై బడులు అదే సంగతి మర్యాద తక్కువగా రాశాయి. టైంటేబుళ్ళు ఆదివారానికల్లా అచ్చు పడాలి.

సెలవులు గనక బడి నిర్మానుష్యంగా ఉంది. వాచ్‌మన్ వచ్చి కంప్యూటరు గది తలుపు తీసిపెట్టి వెళ్ళాడు. బెంచీలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి గోడవారగా పెట్టారు. కంప్యూటర్లన్నిటికీ ఆమే కుట్టిన గుడ్డ ముసుగులు. ఒక్కదాని ముసుగు తీసి కూర్చుంది. తప్పు దొరకడానికి గంట, దిద్దడానికి గంట. బటన్ నొక్కింది. బండి కదిలింది. నలభై బడులూ సరిపోయాయి. మెయిల్ వెళ్ళింది. సాయంత్రానికి జవాబు వచ్చింది: "చూశాను మేడంగారూ. బాగుంది. ఇక్కడ వానలు మొదలయ్యాయి." దాని కిందే ఎర్రగా: సంతకం చెల్లదు, గడువు తీరింది. బండి నిలబడిపోయింది.

కీకి అయిదేళ్ళ గడువు. పెట్టినప్పుడు అయిదేళ్ళంటే ఒక యుగం అనిపిస్తుంది. తనది మొన్న నెలలోనే పొడిగించుకుంది, ఆయనకి గుర్తు చెయ్యడం మరిచిపోయింది. మూడు క్లిక్కుల పని గదా అని స్వయంగా మెయిల్ రాసింది. మిల్లుగారూ, మీ కీ గడువు తీరింది, కాస్త పొడిగించి మళ్ళీ సంతకం పెట్టండి, సోమవారం బడులు తెరుస్తున్నారు, తొందర.

గురువారం పొద్దున్నే చూసింది. "చూశాను మేడంగారూ. బాగుంది. ఇక్కడ వానలు మొదలయ్యాయి."

ఏం బాగుంది? ఆయన ఏదో పరధ్యానంలో ఉన్నాడనుకుంది. ఒంట్లో బాగుందా అని ఇంకో మెయిల్ పెట్టింది. మధ్యాహ్నం జవాబు. చూశాడట. బాగుందట. వానలట. ఆ పూట వాచ్‌మన్ కుర్చీ మీద మడిచి పెట్టిన పేపరు ఆమె కంట పడింది. మొదటి పేజీలో బొమ్మ, నెర్రెలిచ్చిన చెరువు. కింద, ఈసారి వానలు మూడు వారాలు ఆలస్యం, ఎక్కడా చుక్క పడలేదని వార్త. ఆమె లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. తప్పు ఎక్కడుందో తేల్చాలంటే ఇన్‌పుట్‌ని తగ్గించుకుంటూ పోవాలి. అది ఆమె వృత్తి. ఒకే ఒక చుక్క పెట్టి మెయిల్ పంపింది. మాట లేదు, పలకరింపు లేదు, చుక్క.

నాలుగున్నర గంటల తర్వాత జవాబు. చుక్కని చూశాడు. బాగుంది.

శుక్రవారం ఆమె చేసిన పని తలుచుకుంటే నాకే ఒళ్ళు జలదరిస్తుంది. ఈ వారానివి కాక, అయిదేళ్ళలో ఆయన దగ్గర్నించి వచ్చిన యాభై ఎనిమిది జవాబులూ బయటికి తీసి, తేదీలవారీగా పక్కపక్కన పెట్టింది. బండి జవాబులన్నిటినీ ఒక ఫోల్డర్లో పడేస్తుంది, తెర మీద మొదటి వరస మాత్రం చూపిస్తుంది. పొడుగ్గా వస్తే చిరాకని ఆమే అలా రాసింది. ఇటీవలి నలభై ఒక్కటి అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఏ నెల వరస ఆ నెలకి, ప్రతి ఏడూ అదే. మెయిల్ అందాక మూడు గంటలకి తక్కువ కాకుండా, తొమ్మిది గంటలకి మించకుండా, రాత్రిపూట రాకుండా. మనిషే రాశాడనిపించడానికి ఎంత శ్రద్ధ తీసుకున్నాడో. మూడున్నరేళ్ళుగా అక్కడ ఎవరూ లేరు. ఆయన పెట్టిపోయిన స్క్రిప్టు ఒకటి కూర్చుని ఆమె పంపిన ప్రతిదానికీ సంతకం పెడుతోంది.

ఆమెకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, చెంపలు మండాయి. నమ్మించి గొంతు కోశాడనుకుంది. మానెయ్యాలనుకుంటే మానేస్తున్నానని ఒక ముక్క రాయడానికి ఏం పోయింది? ఇన్నాళ్ళూ తను మురిసిపోయింది ఒక యంత్రం మెచ్చుకోలుకా? ఈ మాటలన్నీ రాయడానికి మెయిల్ తెరిచింది కూడా. పైన పాత మెయిల్ ఉంది, బండి పంపింది. "మిల్లుగారూ, కొత్త వెర్షన్ సిద్ధం. ఒకసారి చూడండి. అక్కడ అందరూ కులాసానా?"

ఈ వరస ఎప్పుడు రాశానా అనుకుంది. బండి చరిత్రంతా భద్రంగా ఉంటుంది, ఏ వరస ఎవరు ఏ రోజున రాశారో సహా. చూసింది. అయిదేళ్ళ క్రితం రాసింది. పక్కన తన వివరణ: "ప్రతిసారీ టైపు చెయ్యనక్కర్లేకుండా పలకరింపు కూడా బండిలోనే పెట్టాను." దాని కింద ఇంకోటి, జవాబు అందగానే వెళ్ళేది: "ధన్యవాదాలు మిల్లుగారూ. అంతా కులాసా అని తలుస్తాను."

ఆయన స్క్రిప్టు కంటే ఏడాదిన్నర ముందు ఆమెది.

అప్పుడిక మిగతా పదిహేడు జవాబులు తెరిచింది. ఎనిమిదింటిలో మొదటి వరస తప్ప ఏమీ లేదు. తొమ్మిదింటిలో ఉంది. మొదటి వరస అన్నిటిలోనూ చూశాను, బాగుంది అనే. దాని కింద ఆమె తెర మీదికి ఎన్నడూ రాని వరసలు.

మొదటిదాంట్లో, మా ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు, పరీక్షలు చేయిస్తున్నాం, మీకు తెలిసిన డాక్టర్లెవరైనా ఉన్నారా అని. మూడోదాంట్లో ఆపరేషన్ తేదీ. అయిదోదాంట్లో, ఆసుపత్రి వరండాలో కూర్చుని మీ వెర్షన్ చూస్తున్నాను, ఇక్కడ ఏదీ చెప్పిన టైముకి జరగదు, మీ టైంటేబుల్ చూస్తుంటే మనసు కాస్త కుదుటపడుతోంది. ఎనిమిదోదాంట్లో, మా ఆవిడ మిమ్మల్ని అడుగుతోంది, ఎవరండీ ఆ మేడం, నెల తప్పకుండా మన బాగు అడుగుతుంది, ఈ రోజుల్లో ఎవరడుగుతారు అని.

తొమ్మిదోది చిన్నది. "మా ఆవిడ పోయి తొమ్మిది రోజులైంది. ఈసారి ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి."

ఆ జవాబు బండికి చేరిన నిమిషానికే బండి మళ్ళీ రాసింది. ధన్యవాదాలు మిల్లుగారూ. అంతా కులాసా అని తలుస్తాను.

ఆమె తెర ఆర్పేసింది. కాసేపటికి వాచ్‌మన్ వచ్చి గది మూసెయ్యనా అన్నాడు. ఇంటికెళ్ళింది. అక్క పిలిచినా భోజనానికి లేవలేదు. తలనొప్పి అంది. అక్క వచ్చి నుదురు మీద చెయ్యి వేసి చూసి, జ్వరం లేదే అంది, కంప్యూటరు చూసి చూసి ఉంటుందని తనకు తనే చెప్పుకుని దీపం తీసేసి వెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ డాక్టరు పేరు అడిగినవాడికి ఏం చెప్పి ఉండేదో ఆలోచిస్తూ పడుకుంది. బావ పినతండ్రి కొడుకు అలాంటి ఆపరేషన్లకే పేరున్న డాక్టరు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది.

శనివారం పదకొండు గంటలకి, బడిలో, కంప్యూటరు గది తలుపు దగ్గరికి వేసి నంబరు నొక్కింది. నంబరు తొమ్మిదేళ్ళనాటిది. మోగదనుకుంది. మోగింది.

గొంతు గుసగుసగా ఉంది. మిల్లు మూతపడిందనీ, తాను ఇప్పుడు ఒక గ్రంథాలయంలో పొద్దుటి డ్యూటీ చేస్తున్నాననీ, గట్టిగా మాట్లాడకూడదనీ చెప్పాడు. గొంతు గుర్తుపట్టినట్టే ఉన్నాడు, మేడంగారా అన్నాడు, ఆశ్చర్యం లేకుండా. ఆమె కీ సంగతి చెప్పలేదు.

"మీ ఉత్తరాలు చదివానండీ. తొమ్మిదీ."

కుర్చీ జరిగిన చప్పుడు. నడిచిన చప్పుడు. తలుపు. వరండాలోకి వచ్చాడు కాబోలు, గొంతు మామూలైంది.

"ఎప్పుడు?"

"నిన్న."

అవతల ఎవరో సైకిలు స్టాండు వేశారు.

"నిన్నా," అన్నాడు.

ఆమె క్షమించమంది, ఆ మాట చాలదని తెలిసి కూడా అంది. డాక్టరు సంగతి చెప్పబోయి మింగేసింది; చెబితే ఆయనకి ఇంకో పుండు. ఆయనే అందుకున్నాడు.

"మొదటిసారి కోపం వచ్చిందండీ. అబద్ధమెందుకు. రెండోసారి కూడా అదే జవాబు వస్తే అర్థమైంది, ఇది మీరు కాదు, బండి అని. బండి మీద కోపమేముంటుంది?"

"తెలిసీ మళ్ళీ ఎందుకు రాశారండీ?"

"ఎవరూ చదవరని తెలిశాక రాయడం తేలికైంది. ఇంట్లోవాళ్ళకి చెప్పలేనివి అందులో రాసేవాణ్ణి. మా ఆవిడకి మాత్రం మీరే అడుగుతున్నారని చెప్పాను. సంతోషించేది."

ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ పోయాక రాయడానికి ఏమీ లేకపోయిందట. బడిగంట తెరిస్తే ఆసుపత్రి వరండా గుర్తొచ్చేదట. మానేస్తానని రాస్తే అదీ బండే చదువుతుంది. ఊరికే మానేస్తే ఇక్కడ పని ఆగిపోతుంది, బడులు ఇబ్బంది పడతాయి. అందుకని ఒక ఆదివారం కూర్చుని ఆ స్క్రిప్టు రాశాడు. ఎండలూ వానలూ ఎందుకు పెట్టారని అడిగింది. వట్టి బాగుంది అంటే మొరటుగా ఉంటుంది కదండీ అన్నాడు.

తర్వాత కీ గడువు సంగతి వచ్చింది. ఆయన తేలిగ్గా, దానికేముందండీ, ఇంటికెళ్ళి ఇంకో అయిదేళ్ళు పొడిగిస్తాను, సాయంత్రానికి మీ బండి కదులుతుంది, ఎప్పట్లాగే సాగిపోతుంది అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. ఆమెకి ఊ అనాలనిపించింది. నిజం చెప్పాలంటే చాలా అనిపించింది. వచ్చే నెల మళ్ళీ తెర మీద ఆ వరస వస్తుంది. యంత్రం రాసిందని తెలిసినా, ఒకప్పుడు ఒక మనిషి కూర్చుని తనకోసం ఆలోచించి పెట్టిన మాటే కదా.

"మీరు చూసి పెడతారా?" అంది.

"లేదండీ. నాకింక అది చేతకాదు."

"అయితే మీ పేరు తీసెయ్యాల్సి వస్తుంది."

అని ఆగింది. వద్దు అంటాడేమోనని ఆగింది. ఉంచండి, వీలైనప్పుడు చూస్తానంటాడేమోనని. ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"తీసెయ్యండి మేడంగారూ," అన్నాడు. "నాకూ తేలికవుతుంది."

లోపల్నించి ఎవరో ఆయన్ని పిలిచారు. వెళ్ళాలన్నాడు. పెట్టేముందు, సంతకం పెట్టేవాడు లేడని తొందరపడి వదలకండి, చివరి పేజీ నించి మొదలుపెట్టి వెనక్కి చూసుకురండి, మొదటి పేజీ ఎలాగూ అందరూ చూస్తారు అన్నాడు. ఆమె అలాగేనంది. మళ్ళీ ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చా అని అడగడానికి తెగించేలోపే లైను పోయింది. మళ్ళీ చెయ్యలేదు. బాగున్నారా అని అడిగే హక్కు తనకిక లేదనిపించింది.

బండిని బాగుచెయ్యడం పెద్ద పనేం కాదు. ఒక ఫైల్లో ఇద్దరి పేర్లూ, కావలసిన సంతకాలు రెండు అన్న అంకే ఉంటాయి. బుధవారమే మార్చేసి ఉండొచ్చు, తాను పెట్టుకున్న రూలు గనక మార్చలేదు. ఇప్పుడు మిల్లుగారి పేరు తీసేసింది. రెండు చెరిపి ఒకటి వేసింది. పలకరింపు వరస ఎవరికీ వెళ్ళదు గనక దాన్నీ తీసేసింది. మార్పుకి కారణం రాయమని కంప్యూటరు అడుగుతుంది, రాయకపోతే ఒప్పుకోదు. ఆమె "ఇకనుంచి ఒక్కరే" అని రాసింది.

బటన్ మీద చెయ్యి పెట్టి తీసేసింది. నలభై బడుల టైంటేబుళ్ళూ ముద్రించుకుని, చివరి బడి, చివరి పేజీ, శనివారం చివరి పీరియడ్ నించి మొదలుపెట్టింది. మనసులో చదివితే కళ్ళు జారిపోతున్నాయని పైకి చదివింది. ఆరో తరగతి, డ్రిల్లు మాష్టారు. ఏడో తరగతి, లెక్కల టీచరు. ఒకసారి తను చదివేది, ఒకసారి మిల్లుగారైతే ఏమడుగుతాడో అది అడిగేది, మళ్ళీ తనే జవాబు చెప్పుకునేది. పదకొండో బడి దగ్గర దొరికింది. ఒక టీచర్ని రెండుచోట్ల వెయ్యకుండా ఆమె చేసిన మరమ్మతు, ఇంకోచోట ఒక క్లాసుకి ఎవర్నీ వెయ్యకుండా వదిలేసింది. ఎనిమిదో తరగతి, శనివారం, నాలుగో పీరియడ్. పిల్లలుంటారు, గంట కొడతారు, టీచరు రారు. బండి పరీక్షలు ఒకరే రెండుచోట్ల ఉన్నారా అని చూస్తాయి గానీ క్లాసులో అసలు ఎవరైనా ఉన్నారా అని చూడవు.

ఆమెకి ఒక్క క్షణం చెప్పలేనంత సంతోషం కలిగింది. మిల్లుగారూ, దొరికిందండీ అని మెయిల్ తెరిచింది. పేరు కూడా టైపు చేసింది. తర్వాత చెరిపేసింది. ఆ ఖాళీ గదిలో, ముసుగులేసిన కంప్యూటర్ల మధ్య, దాచుకోకుండా ఏడ్చింది. ఆయన భార్య కోసం ఏడ్చింది, ముఖమైనా తెలియదు. నలభై ఒక్క వెర్షన్లు ఎవరూ చూడకుండా బయటికి పోయినందుకు ఏడ్చింది. ఎక్కువభాగం తనకోసమే.

ముక్కు తుడుచుకుని తప్పు దిద్దింది. ఎవరూ లేని క్లాసులు ఉన్నాయేమో చూసే పరీక్ష ఒకటి బండికి కలిపింది. మళ్ళీ ముద్రించి, మళ్ళీ చివరి పేజీ నించి మొదటిదాకా గొంతు బొంగురుపోయేలా చదివింది. నాలుగున్నరకి బటన్ నొక్కింది. బండి ఎక్కడా ఆగలేదు. నలభై బడులూ సరి. తెర మీద పచ్చగా వచ్చింది: సంతకాలు, ఒకటికి ఒకటి. నాలుగు వందల బడులకీ కబురు వెళ్ళిపోయింది. అంత నున్నగా బండి ఇంతకుముందెప్పుడూ నడవలేదు.

తాళాలు పట్టుకుని వాచ్‌మన్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి చూశాడు, బెంచీల వెనక్కి కూడా తొంగి చూశాడు.

"మధ్యాహ్నం నించీ ఎవరితోనో మాట్లాడుతున్నారు కదా మేడం, వాళ్ళు వెళ్ళిపోయారా? నేను చూడనే లేదే."

ఆమె కంప్యూటరుకి ముసుగు వేసి, మూలలు సర్దింది.

"ఎవరూ రాలేదు," అంది. "నేనే."